రెండు పెన్సిలు గీతలు

ఆ వేసవిలో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. గొప్ప కోసం చెబుతున్న మాట కాదిది. జరిగినదంతా ఈ మాట మీదే నిలబడి ఉంది కనుక, చదివేవారికి మొదటే తెలియడం మంచిది.

ఇరవై ఎనిమిదేళ్ళు కాలేజీలో పాఠం చెప్పి, పదవీ విరమణ చేసి, ఊరికే కూర్చోవడం చేతకాక పరాయిదేశంలో ఒక భాషాశిక్షణ సంస్థలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో చేరాను. నా దగ్గరికి వచ్చేవారు పిల్లలు కారు. ఆసుపత్రి నర్సులు, బ్యాంకు గుమాస్తాలు, విమానాశ్రయంలో సామాను తూచేవారు. నడివయసులో మళ్ళీ నోట్‌బుక్కు పట్టినవారు. వాళ్ళు రాసుకొచ్చిన వాక్యాల్లో తప్పు కనిపిస్తే నేను వెంటనే ఎర్రసిరాతో దిద్దేదాన్ని కాదు. స్కేలు పెట్టి, తప్పు కింద పెన్సిలుతో సన్నగా ఒక గీత గీసి, మాట్లాడకుండా పుస్తకం వెనక్కి ఇచ్చేదాన్ని. ఆ తప్పేమిటో వాళ్ళే వెతుక్కోవాలి, వాళ్ళే దిద్దుకోవాలి. దిద్దుకుంటే గీత చెరిపేసేదాన్ని. దిద్దుకోకపోతేనే ఎర్రసిరా. తన తప్పు తాను సవరించుకునే అవకాశం మనిషికి ఒక్కసారైనా ఇవ్వాలన్నది నా సిద్ధాంతం. దాని మీద స్టాఫ్‌రూములో ఒకటికి రెండుసార్లు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఇంగ్లీషు విభాగంలో మేమిద్దరమే. రెండో ఆమె నాకంటే పాతికేళ్ళు చిన్నది, తెలుగుపిల్ల. సంస్థ ఇచ్చిన రెండు గదుల ఫ్లాటులో కలిసి ఉండేవాళ్ళం. వచ్చిన మొదటి వారంలోనే నేను ఆమెకు గడుగ్గాయి అని పేరు పెట్టాను. ఆమె నన్ను ఎదురుగా పెద్దమ్మా అనీ, చాటున లాయరు పెద్దమ్మ అనీ పిలిచేది. చాటున అంటున్నాను గాని, నాకు వినపడేంత దూరంలోనే అనేది.

ఆ బిరుదుకు కారణం లేకపోలేదు. ఆ సంస్థలో ఒప్పందపత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన ఉపాధ్యాయురాలిని నేనొక్కదాన్నే. సెలవుల నిబంధన నాకు కంఠతా వచ్చు. ఏడాదికి పద్నాలుగు రోజులు. వేసవిలో కోర్సులు జోరుగా నడుస్తాయి కనుక ఏకబిగిన ఏడు రోజులకు మించి ఇవ్వరు. ఒక విభాగంలో ఇద్దరూ ఒకేసారి వెళ్ళరాదు. వెళ్ళేవారి క్లాసులు ఎవరు తీసుకుంటారో వారి సంతకంతో ఒక చీటీ జతచేయాలి. దగ్గరి బంధువు మరణించినా, మరణశయ్య మీద ఉన్నా మాత్రం మూడు వారాలు. దానికి కాగితాలేవీ అక్కరలేదు. డైరెక్టరు మంచివాడు, దుఃఖంలో ఉన్నవారిని ప్రశ్నించడు.

దుఃఖానికి మూడు వారాలు, సంతోషానికి ఏడు రోజులు. ఆ తూకం ఎవరు వేశారో గాని, మనుషులు దానికి తగ్గట్టే తయారయ్యారు. ఏటా వేసవి రాగానే మా స్టాఫ్‌రూములో చావులు పెరిగేవి. గడుగ్గాయికి మొదటి ఏడు నాయనమ్మ పోయింది. రెండో ఏడు మేనత్త పోయింది. మేనత్తకు మూడు వారాలు ఏడ్చి వచ్చిన మనిషి జుట్టు కొత్తగా కత్తిరించుకుని, ఎండకు కమిలి, రెండు పెట్టెల నిండా బట్టలు తెచ్చుకుంది.

ఒక సాయంత్రం వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ అడిగాను.

"మీ నాయనమ్మ నిజంగా ఎప్పుడు పోయింది?"

"నేను పుట్టకముందే పెద్దమ్మా."

"మేనత్త?"

"నాకు ఆరేళ్ళప్పుడు. ఏదో జ్వరం."

"సిగ్గనిపించదూ?"

"అనిపిస్తుంది. అందుకే ఒక నియమం పెట్టుకున్నా. బతికున్నవాళ్ళ జోలికి పోను. పోయినవాళ్ళనే మళ్ళీ చంపుతా. వాళ్ళకి కొత్తగా పోయేదేం లేదు, నాకు మూడు వారాలు వస్తాయి." కత్తి నా చేతిలోంచి తీసుకుంది. "బతికున్నవాళ్ళ పేరు చచ్చినా ఎత్తను. పైన తథాస్తు దేవతలుంటారు కదా, వాళ్ళకి వెనకా ముందూ తెలీదు."

నేను నవ్వాను. ఆ నవ్వుకు కూడా ఇక్కడ లెక్క చెప్పవలసిందే.

మూడో వేసవి మొదలవుతుండగా, ఒక ఆదివారం ఉదయం మా అమ్మాయి ఫోను చేసింది. దానికి ఎనిమిదో నెల దాటింది. కాన్పు ఇంకో నెలరోజుల్లో.

"ఎన్నాళ్ళుంటావు?" అంది.

"వారం ఇస్తారు."

"అయితే రావద్దులే అమ్మా."

"అదేం మాటే?"

"నా టెన్తు పరీక్షలప్పుడు నువ్వు ఎవరివో పేపర్లు దిద్దుతున్నావు. నా పెళ్ళికి రెండు రోజులు ముందొచ్చి, మర్నాడే వెళ్ళిపోయావు. ఇప్పుడు కూడా చుట్టంచూపుగా వచ్చి, బిడ్డ బాగుందని చెప్పి వెళ్తావు. నాకు చుట్టాలకేం తక్కువ లేదు. మూడు వారాలు ఉండగలిగితే రా. లేకపోతే ఫోనులో చూద్దువుగాని."

కోపంగా అని ఉంటే నాకు జవాబు దొరికేది. చాలా మామూలుగా, పాలవాడికి రేపు పాలు వద్దని చెప్పినంత మామూలుగా అంది.

మర్నాడు రెండు పేజీల విజ్ఞాపన రాసుకుని డైరెక్టరు గదికి వెళ్ళాను. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన నలభై దాటిన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. బల్ల మీద ఎడమవైపు సెలవుల రిజిస్టరు, కుడివైపు పెన్సిళ్ళూ స్కేలూ నిలబెట్టిన రేకుడబ్బా. నేను రాసినది పూర్తిగా చదివాడు.

"ఇంత చక్కటి ఇంగ్లీషు మా దగ్గర ఇంకెవరూ రాయలేరు" అన్నాడు. "కాని ఏడు రోజులే."

"ఎందుకని?"

"వేసవి కనుక." సలహా ఇస్తున్నట్టుగా అడిగాడు. "మీ అమ్మాయి ఆరోగ్యం ఎలా ఉంది? కాన్పు అంటే ప్రమాదం ఉండనే ఉంటుంది. డాక్టర్లు భయపడుతున్నారని మీరు ఒక్క వాక్యం కలిపితే..."

"మా అమ్మాయి ఆరోగ్యంగా ఉంది. డాక్టర్లెవరూ భయపడడం లేదు."

"అలాగైతే నేను చేయగలిగింది లేదు."

ఇంటికి వచ్చి చెబితే గడుగ్గాయి నెత్తి కొట్టుకుంది.

"ఆయన తలుపు తీసి పట్టుకుంటే మీరు గోడకి గుద్దుకుని వచ్చారా?"

"ఆ తలుపులోంచి నేను వెళ్ళను."

"పోనీ మా నాయనమ్మని అప్పిస్తా, తీసుకెళ్ళండి. అలవాటు పడ్డ మనిషి, ఇబ్బంది పెట్టదు."

"నీ నాయనమ్మా వద్దు, నీ తెలివీ వద్దు. నాకు రావలసింది నేను అడిగి తీసుకుంటాను."

"అడగండి, అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు, ఈయనైతే అడిగినా పెట్టడు." అని లోపలికి వెళ్ళి, ఒక చీటీ రాసి తెచ్చి నా చేతిలో పెట్టింది. నా క్లాసులన్నీ మూడు వారాలపాటు తాను తీసుకుంటానని రాసి, కింద సంతకం. పొద్దున్న ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఏడింటిదాకా, మధ్యలో అన్నానికి అరగంట. వేసవిలో తనకు రావలసిన ఏడు రోజులను కూడా అదే చీటీలో వదులుకుంది.

"నీ సెలవు సంగతేమిటి?"

"ఈ వేసవికి ఎవర్నీ చంపనులెండి. మీరు అమ్మమ్మ అవ్వండి."

థాంక్స్ అన్నాను. ఎంత పొడిగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ చీటీ పట్టుకుని రెండోసారి వెళ్ళాను. డైరెక్టరు దాన్ని చూసి, మడిచి, నావైపు జరిపాడు.

"మీకు ఇస్తే అందరూ అడుగుతారు. నియమం అందరికీ ఒకటే."

ఆ మాటతో నాలో ఏదో తెగింది. అందరికీ ఒకటే అని చెప్పి అలా లేనివాటిని జీవితంలో చాలా చూశాను. ఆ వాక్యం ఎదురుపడితే నాకు ఓర్పు నిలవదు.

"ఒకటే కాదు" అన్నాను. "అబద్ధం చెప్పినవారికి మూడు వారాలు, నిజం చెప్పినవారికి ఏడు రోజులు. మీ నియమం అది."

"అబద్ధం ఎవరు చెప్పారు?"

"నేను పేర్లు చెప్పను."

"పేర్లు అడగడం లేదు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మీలాంటివారు ఆధారం లేకుండా మాట్లాడరని మాత్రం అనుకున్నాను."

ఆయన నన్ను బాగానే చదువుకున్నాడు. అవమానాలు భరించగలను, ఆధారం లేకుండా మాట్లాడానని అంటే భరించలేను. రిజిస్టరు నావైపు లాక్కుని తెరిచాను. కిందటి వేసవి పేజీ ఒకటి, అంతకుముందు వేసవి పేజీ ఒకటి. రేకుడబ్బాలోంచి పెన్సిలూ స్కేలూ తీసుకున్నాను. ఒక్కొక్క తేదీ కింద ఒక్కొక్క గీత గీసి, రిజిస్టరును ఆయనవైపు తిప్పాను. పేరు నేను పలకలేదు. ఆ వరుసలో ఎవరి పేరుందో చదవడం ఆయన పని.

ఆయన రెండు గీతలనూ చాలాసేపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"ఎవరిమీదా చర్య తీసుకోమని నేను కోరడం లేదు" అన్నాను.

"అబ్బే, అలాంటిదేం ఉండదు. ఇకముందు కాస్త జాగ్రత్తగా ఉంటాను, అంతే." నా విజ్ఞాపన అందుకుని, మూడు వారాలు అని రాసి, ప్రత్యేక పరిస్థితి అని పక్కన చేర్చి, సంతకం పెట్టాడు. "ఈ మర్యాద మీ నిజాయితీకి."

ఆ నిబంధన దుర్మార్గమైనదని నేను ఇప్పటికీ అంటాను, ఎవరు అడిగినా అంటాను. కాని ఆ పూట నేను దానిమీద పోరాడి గెలిచాననుకుని, వీధిలో తల పైకెత్తుకుని నడిచి వచ్చాను. నేను గెలిచింది నిబంధన మీద కాదు.

గడుగ్గాయి చెంగున గెంతింది. "ఎలా ఒప్పించారు?"

"నిజం చెప్పి."

"ఊరికే అన్నానా, లాయరు పెద్దమ్మ అని."

మూడు వారాలు గడిచాయి. నా ప్రయాణం శనివారం. బుధవారం పొద్దున్న వంటగదిలోంచి టీ పొంగి మాడుతున్న వాసన వస్తే వెళ్ళాను. గడుగ్గాయి పొయ్యి ఎదురుగానే నిలబడి ఉంది, చేతిలో ఫోను. పొంగుతున్న గిన్నెను చూస్తోంది గాని ఆర్పడం లేదు. నేనే ఆర్పాను.

"అమ్మ పడిపోయిందట" అంది. "తలలో రక్తం కారిందట. తమ్ముడు ఆసుపత్రి నుంచి చేశాడు. ఎంత వీలైతే అంత తొందరగా రమ్మన్నాడు."

ఏడవలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉండే ఆ ముఖంలో మాట అన్నది ఎక్కడా లేదు.

"ముందు వెళ్ళి డైరెక్టరుకి చెప్పు" అన్నాను.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. నేను గదిలో పెట్టె సర్దుకుంటున్నాను. తెరిచి ఉన్న పెట్టె పక్కనే, నా మంచం అంచున కూర్చుంది.

"ఏమన్నాడు?"

"ఆసుపత్రి కాగితం కావాలట. ముద్ర వేసినది. దాన్ని ఇక్కడి భాషలోకి మార్పించి, దానిమీద ఇంకో ముద్ర వేయించాలట. అదంతా అయ్యేసరికి సోమవారం. తమ్ముడు అమ్మ దగ్గరుండాలా, ముద్రల చుట్టూ తిరగాలా?"

"ఇదివరకు అడగలేదుగా." నా గొంతే నాకు వినిపించింది.

"లేదు. రిజిస్టరు తెరిచి నావైపు తిప్పి పెట్టాడు. ఇప్పటికి రెండుసార్లు మీ దుఃఖంలో పాలుపంచుకున్నాం, మూడోసారికి కాగితం ఉంటే బాగుంటుంది అన్నాడు. గొంతు కూడా పెంచలేదు పెద్దమ్మా."

నేను ఒక చీర మడతపెట్టాను. దాన్నే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

"మీరొక్క మాట చెప్పండి ఆయనకి" అంది. "మీరు చెప్తే నమ్ముతాడు. బతికున్నవాళ్ళ పేరు నేను వాడనని మీకు తెలుసు. మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు."

అలా అని నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో నేను వెతికింది ఒక్కటే, అనుమానం. అది కనిపించలేదు. నాకు ప్రాణం కుదుటపడింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ నిమిషాన నాకు కుదుటపడినది అది.

వెళ్ళాను. డైరెక్టరు లేచి నిలబడి, నా కోసం కుర్చీ లాగాడు.

"ఆమె తల్లికి ప్రమాదంగా ఉంది" అన్నాను.

"అది నిజమని మీకు తెలుసా?"

"ఆమె చెప్పింది."

"నాయనమ్మ సంగతి కూడా ఆమే చెప్పింది. నేను అడుగుతున్నది మీకు తెలుసా అని." సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు. "మీరు హామీగా రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టండి, ఈ సాయంత్రమే పంపిస్తాను. అప్పుడు మీ సెలవు ఆమె తిరిగి వచ్చేదాకా ఆగాలి. విభాగం ఖాళీగా ఉండకూడదు కదా. ఆ నిబంధన నాకంటే మీకే బాగా తెలుసు."

కాగితం వైపు చూశాను. మా అమ్మాయి కాన్పుకు డాక్టరు ఇచ్చిన తేదీ ఇంకా తొమ్మిది రోజులు ఉంది. గడుగ్గాయి వెళ్ళి వచ్చేసరికి మూడు వారాలు. చుట్టాలకేం తక్కువ లేదన్న గొంతు చెవిలో ఉంది. గడుగ్గాయి తల్లి సంగతి నిజమని నాకు తెలుసా? మాడిన టీగిన్నెను నా చేత్తో దించినంత ఖచ్చితంగా తెలుసు.

"నాకు ప్రత్యక్షంగా తెలియదు" అన్నాను.

ఆయన తల ఊపి, కాగితాన్ని సొరుగులో పెట్టుకున్నాడు. నా వాక్యంలో ఏ తప్పూ లేదు. తల్లి పడిపోవడం నేను కళ్ళారా చూడలేదు, ఆసుపత్రికి వెళ్ళలేదు, తమ్ముడితో మాట్లాడలేదు. ఏ న్యాయస్థానంలోనైనా నిలిచే వాక్యం అది.

ఇంటికి వచ్చి, "కాగితం రావలసిందేనట" అన్నాను. అదీ నిజమే.

"సరే పెద్దమ్మా" అంది గడుగ్గాయి.

శనివారం లిఫ్టు పనిచేయలేదు. నాలుగు అంతస్తులూ నా పెట్టె తానే మోసుకుని కిందికి దిగింది. నేను వద్దంటే, "మీ మోకాళ్ళు అక్కడ పనికి రావాలి, ఇక్కడ అరగదీయకండి" అంది. టాక్సీలో పెట్టె పెడుతూ పక్కజేబులో ఏదో కుక్కింది. "మెత్తని టోపీ. పాపకో బాబుకో, ఎవరొస్తే వాళ్ళకి."

"అమ్మకి ఎలా ఉంది?"

"అలాగే ఉంది."

మర్నాడు సాయంత్రానికి నేను మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పెట్టె ఇంకా పూర్తిగా విప్పలేదు. గడుగ్గాయి నుంచి ఫోనులో రెండు వాక్యాలు వచ్చాయి. అమ్మ పోయింది. రేపు నర్సుల క్లాసు ఏ పాఠం దాకా వచ్చిందో చెప్పండి.

పాఠం నంబరు పంపాను. ధైర్యంగా ఉండమని కూడా పంపాను. ఏ క్రమంలో పంపానో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. మొదట పాఠం నంబరే వెళ్ళింది.

సోమవారం ఆమె నుంచే మరొకటి వచ్చింది. డైరెక్టరు మూడు వారాలు ఇచ్చాడు, విభాగం సంగతి తాను చూసుకుంటానన్నాడు, కాగితం కూడా అక్కర్లేదన్నాడు. నేను వెళ్ళడం లేదు. తమ్ముడు అన్నీ కానిచ్చేశాడు. మీ క్లాసులు చూసుకుంటాను, కంగారు పడకండి.

ఆ రాకపోకల లెక్క నేను వేయకుండా ఉండలేకపోయాను. బుధవారం సాయంత్రం బయలుదేరి ఉంటే గురువారం రాత్రిలోగా తల్లి మంచం పక్కన ఉండేది. గురువారం నుంచి ఆదివారం. దాదాపు మూడు రోజులు. మూడు వారాల కోసం నేను ఆమెవి మూడు రోజులు తీసుకున్నాను.

డాక్టరు చెప్పిన రోజే మనవరాలు పుట్టింది. నీళ్ళు పోశాను, నిద్రపుచ్చాను, రాత్రి ఎత్తుకుని తిప్పాను. చుట్టంలా కాక తల్లిలా మసలుకున్నాను. మా అమ్మాయి ముఖం రోజురోజుకూ మెత్తబడింది. రెండో వారంలో ఒక మధ్యాహ్నం, బిడ్డ నెత్తిన ఉన్న టోపీ సవరిస్తూ అడిగింది.

"ఇన్ని రోజులు ఎలా ఇచ్చారమ్మా నీకు?"

"నాతో ఉండే అమ్మాయి నా క్లాసులు కూడా తీసుకుంటోంది."

"రెండూ తనే? పాపం. ఈ టోపీ ఇచ్చిందీ ఆ అమ్మాయేనా?"

"ఆఁ."

"వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయికీ వాళ్ళమ్మకీ చెరో చీర కొంటాను, పట్టుకెళ్ళు."

"ఒక్కటి చాలు" అన్నాను.

"అదేం?"

"ఒక్కటి చాలులే."

అప్పటికీ నేను అబద్ధం ఆడలేదు.

తిరుగు ప్రయాణంలో విమానం కిటికీ పక్కన కూర్చుని, చెప్పవలసినది నాలుగు వాక్యాల్లో తయారుచేసుకున్నాను. సాకులు లేకుండా, విశేషణాలు లేకుండా. మొదటి వాక్యంలో నేను చేసినది. రెండో దానిలో దానివల్ల జరిగినది. మూడో దానిలో క్షమాపణ. నాలుగో దానిలో, కావాలంటే డైరెక్టరు ఎదుట కూడా చెబుతానన్న మాట. చాలాసార్లు దిద్దాను.

ఫ్లాటు తలుపు తీసేసరికి ముందుగదిలో అట్టపెట్టెలు కనిపించాయి. గడుగ్గాయి వంటగదిలో టీ పెడుతోంది. బాగా చిక్కింది. నర్సుల బ్యాచిలో ఒకామె ఇంట్లో గది ఖాళీ ఉందనీ, ఈ వారాంతానికి అక్కడికి మారుతున్నాననీ చెప్పింది. నన్ను కూర్చోబెట్టి, మనవరాలి ఫొటోలు చూపించమని అడిగి, ఒక్కొక్కటీ చూసింది.

"టోపీ కళ్ళ మీదకి వచ్చేసింది" అంది. "పెద్దది కొన్నాను."

"సరిపోతుంది, పెరుగుతుందిగా." చీర తీసి ఇచ్చాను. "మా అమ్మాయి పంపింది."

తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మ శుక్రవారం కాసేపు కళ్ళు తెరిచిందట" అంది, చీర అంచు సరిచేస్తూ. "నేనెక్కడని అడిగిందట. దారిలో ఉందని తమ్ముడు చెప్పాడట. వాడు కూడా నాలాంటివాడే." చీరను పక్కన పెట్టింది. "ఇప్పుడు అమ్మ కూడా నా జాబితాలోకి వచ్చింది పెద్దమ్మా. నియమం ప్రకారం వచ్చే వేసవికి వాడుకోవచ్చు."

అది నవ్వులాట కాదు. ఏడుపూ కాదు. నేను నాలుగు వాక్యాల్లో మొదటిది అందుకున్నాను.

"నీకొక విషయం చెప్పాలి."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"రిజిస్టరులో ఆ రెండు తేదీల కింద గీతలున్నాయి. డైరెక్టరు గీసినవైతే వంకరగా వస్తాయి, ఆయన సంతకమే చూడలేం." టీకప్పు నావైపు జరిపింది. "అవి స్కేలు పెట్టి గీసినవి."

గోడ గడియారం వైపు చూశాను.

"ఎప్పుడు చూశావు?"

"నావైపు తిప్పి పెట్టాడని చెప్పానుగా. అప్పుడే."

అది బుధవారం ఉదయం. మంచం అంచున కూర్చుని, నన్ను వెళ్ళి ఒక్క మాట చెప్పమని అడిగినది బుధవారం మధ్యాహ్నం. ఆ రెండింటి వరుస నా తలలో సర్దుకోవడానికి కొంత సమయం పట్టింది.

"అంటే నన్ను అడిగేసరికే నీకు తెలుసు."

"ఆఁ."

"తెలిసి కూడా నన్నే ఎందుకు అడిగావు?"

గడుగ్గాయి లేచి, ఖాళీ అయిన తన కప్పు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. నావైపు తిరగకుండానే చెప్పింది.

"మీ క్లాసులో మీరు చేసేదేగా పెద్దమ్మా. గీత కనిపిస్తే ఎవరికి వాళ్ళే దిద్దుకోవాలని పుస్తకం వెనక్కి ఇస్తారు. నేనూ ఇచ్చాను."

నేను తయారుచేసుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ ఇక పనికి రాదు. ఎర్రసిరా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఒక తిట్టు, ఒక ఏడుపు, విసిరికొట్టిన ఒక గిన్నె, ఏదైనా. అవేవీ రాలేదు. నా ముందున్న టీ చల్లారిపోతే వచ్చి ఆ కప్పు కూడా తీసుకుంది. రెండింటినీ కడిగింది. నాది గూట్లో బోర్లించి, తనది తుడిచి, పాత కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టుకుంది.